నక్షత్రాంతర సీమలో వాయేజర్లు: క్షేమ సమాచారం తెలిసేదెలా?

భూమికి 2,500 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్న వ్యోమనౌక ఇంకా పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది? 1977లో బయలుదేరిన వాయేజర్-1, వాయేజర్-2ల విషయంలో నాసా శాస్త్రవేత్తలకు నిత్యం ఎదురయ్యే ప్రశ్న ఇది. సౌరపవనాల ప్రభావం ముగిసే సరిహద్దును వాయేజర్-1 2012 ఆగస్టులో, వాయేజర్-2 2018 నవంబరులో దాటాయి. ఆవలి నుంచి సమాచారం పంపిన నౌకలు ఇంతవరకు ఈ రెండే.

నౌక ఎక్కడ ఉందన్నది వేరు, ఎలా ఉందన్నది వేరు. స్థానాన్ని గణితం చెబుతుంది. 2003 జనవరిలో చివరిసారి సంకేతం పంపి మూగబోయిన పయనీర్-10 దూరాన్ని నేటికీ లెక్కించగలుగుతున్నాం. ఆరోగ్యం తెలియాలంటే మాత్రం నౌక స్వయంగా పలకాలి. వాయేజర్ ప్రసారశక్తి సుమారు 23 వాట్లు. భూమిని చేరేసరికి అతి క్షీణించే ఆ సంకేతాన్ని కాలిఫోర్నియా, స్పెయిన్, ఆస్ట్రేలియాలలోని భారీ యాంటెన్నాలు అందుకుంటాయి. కాంతి వేగంతో పయనించినా వాయేజర్-1కు ఆదేశం చేరడానికి దాదాపు 23 గంటలు, జవాబు రావడానికి మరో 23 గంటలు పడుతుంది.

2023 నవంబరులో వాయేజర్-1 అర్థరహితమైన సమాచారం పంపసాగింది. కంప్యూటర్‌లోని ఒక మెమరీ చిప్ చెడిపోవడమే కారణమని నెలల పరిశోధనలో తేలింది. చిప్‌ను మార్చే వీలు లేదు. అందులోని ప్రోగ్రాంను ముక్కలుగా విభజించి, మిగిలిన మెమరీలో ఖాళీ ఉన్నచోటల్లా సర్దారు. 2024 ఏప్రిల్ 20న నౌక తన స్థితిగతులను మళ్లీ తెలియజేసింది.

మరమ్మతు చేయలేనిది మాత్రం విద్యుత్ కొరత. ప్లుటోనియం వెలువరించే వేడి నుంచి లభించే విద్యుత్తు ఏటా సుమారు 4 వాట్ల చొప్పున తగ్గుతోంది. నౌక వెచ్చగా ఉండాలి, యాంటెన్నా భూమివైపే చూడాలి, పరిశోధనలూ సాగాలి. అన్నింటికీ శక్తి చాలక పరికరాలను ఒక్కొక్కటిగా ఆపుతున్నారు. 2024లో వాయేజర్-2 ప్లాస్మా పరికరాన్ని, 2025 ఫిబ్రవరిలో వాయేజర్-1 విశ్వకిరణాల పరికరాన్ని నిలిపివేశారు. ఆపిన ప్రతి పరికరంతో ఒక కొలత శాశ్వతంగా ఆగిపోతుంది. దానికి బదులుగా సంభాషణకు కొంత గడువు దొరుకుతుంది.

ఏదో ఒకనాడు ఆ సంభాషణా ముగుస్తుంది. ప్రయాణం మాత్రం ఆగదు. రెండు నౌకలలోనూ ఉన్న బంగారు పూత రికార్డులో 55 భాషల శుభాకాంక్షలు నిక్షిప్తమై ఉన్నాయి. వాటిలో తెలుగు పలుకూ ఒకటి.