వెయ్యి పున్నముల తరువాత

పోయిన నెలలో ఒక సాయంత్రం పరీక్ష పేపర్లు దిద్దుతూ వుంటే అక్షరాలు అలుక్కుపోయినట్లు కనుపించాయి. పిల్లవాడి దస్తూరీ దోషమనుకొని మార్కులు కోయబోయాను. వాడి అదృష్టం బాగుండి, కాగితాన్ని కాస్త దూరంగా పట్టుకొని చూచాను. అక్షరాలు ముత్యాల్లా వున్నాయి! మరునాడు కళ్ళ డాక్టరు దగ్గరకు వెళితే, "ఏమీ లేదండీ, చత్వారం" అన్నాడాయన నవ్వుతూ.

తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతికే నాకు ఆ మాటకు వ్యుత్పత్తి తెలియక కాదు. సంస్కృతంలో చత్వారింశత్ అంటే నలభై. నలభై ఏళ్ళకు వచ్చేది గనుక చత్వారం. తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను గాని, ఆ నలభై నాకూ వచ్చి వెళ్ళిందని మాత్రం తోచలేదు. కొత్త కళ్ళజోడుతో ఇంట్లో అడుగు పెట్టగానే మా అమ్మ ఎగాదిగా చూచి, "నీకు సుత షురువయ్యిందా బిడ్డా!" అని పకపకా నవ్వింది.

ఆమె నవ్వడంలో న్యాయముంది. ఆమెకు ఎనభై దాటాయి. పుట్టిన తేదీకి కాగితం లేదు. "రజాకార్ల లొల్లినాడు నాలుగేండ్ల పిల్లను" అంటుంది. హైదరాబాదు సంస్థానంలో పోలీసు చర్య జరిగింది 1948 సెప్టెంబరులో. మీరే లెక్క వేసుకోండి. పున్నమికీ పున్నమికీ మధ్య ఇరవై తొమ్మిదిన్నర రోజులు. వెయ్యి పున్నములంటే సుమారు 80 ఏళ్ళ 10 నెలలు. మన పెద్దలు అరవైకి షష్టిపూర్తి, డెబ్బైకి భీమరథ శాంతి, వెయ్యి పున్నములు చూచినవారికి సహస్ర చంద్రదర్శనం అని వేడుకలు ఏర్పరచారు. ముసలితనమంటే ఒకే ఒక్క మెట్టు కాదనీ, దానిలోనూ ఎక్కవలసిన మెట్లు వున్నాయనీ వారికి తెలుసునన్న మాట. మనమే మరచిపోయాము.

మా ఇల్లు బోరబండలో, రైలుస్టేషనుకు దగ్గర. లింగంపల్లి వైపు వెళ్ళే ఎం.ఎం.టి.ఎస్. రైలు ఎక్కితే మా తరువాతి స్టేషనే హైటెక్ సిటీ. తెల్లవారితే మెడలో గుర్తింపు బిళ్ళలు వేసుకొన్న యువతీయువకులూ, వారు పనిచేసే మేడలను ఊడ్చేవారూ, కాపలా కాసేవారూ ఒకే పెట్టెలో తోసుకొంటూ వెళ్ళిపోతారు. ఆ తరువాత మా సందులో మిగిలేది ముసలివారూ, పసివారూ. గడప దగ్గర కుర్చీ వేసుకొని ఒకరు, మెట్టు మీద కూర్చుండి చిక్కుడుకాయ తుంచుతూ ఒకరు. పగటిపూట బోరబండ వారి రాజ్యం.

ఆ రాజ్యం పెరుగుతున్నది కూడాను. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం ముప్పై రెండేళ్ళ ప్రాంతం. నేడు అది డెబ్బై. ఆనాడు ముసలివారే లేరని దీని అర్థం కాదు. పురిటిలోనూ, పసితనంలోనూ పోయేవారు లెక్కలేనంతమంది గనుక సగటు అంత తక్కువ. 2011 జనాభా లెక్కల నాటికే అరవై దాటినవారు పది కోట్ల పైచిలుకు. ఇంతమందిని ఇంట్లో పెట్టుకొని, వారి లోపల ఏమి జరుగుతున్నదో మనకు తెలియకపోవడం విడ్డూరం కాదూ?

నా సంగతే చెబుతాను. ఒకనాడు ఉదయం, "అమ్మా, రాత్రి నాకు కల వచ్చింది" అన్నాను. "తల నొచ్చిందా? జండూబాము రాసుకో" అన్నది. మా అమ్మాయి పడీ పడీ నవ్వింది. నేను గొంతు పెంచి మళ్ళీ చెప్పాను. మళ్ళీ తలే వినిపించింది. దీనికి కారణం తరువాత తెలిసింది. వయసుతో వచ్చే చెముడు అన్ని ధ్వనులకూ సమానంగా రాదు. సన్నని ధ్వనులు, అంటే హెచ్చు స్థాయివి, ముందు పోతాయి. మాటలో అచ్చులు మంద్రంగా వుంటాయి గనుక చెవికి అందుతాయి. క, త, స వంటి హల్లులు జారిపోతాయి. 'అల' వినిపిస్తుంది. ముందున్నది కకారమో తకారమో ఆమె ఊహించుకోవాలి. అరిస్తే పెరిగేది అచ్చులే! ఎదురుగా కూర్చుండి, ముఖం కనుపించేటట్లు, నిదానంగా చెబితే తెలుస్తుంది. చెవిటి మాలోకమని మనం నవ్వుకొనేటప్పుడు, నిజానికి వారు తెగిపోయిన మాటలను లోలోపల అతుకుతూ వుంటారు.

జ్ఞాపకం సంగతీ ఇటువంటిదే. కొత్త ఫోనులో ఏ బొమ్మ నొక్కాలో పదిసార్లు చెప్పినా అమ్మకు పట్టుబడదు. ఏ చుట్టానికి ఏ ఏట పెళ్ళయిందో, కట్నం ఎంతో, కూరలో ఉప్పు ఎందుకు తగ్గిందో క్షణంలో చెబుతుంది. చురుకుగా కొత్తది పట్టే శక్తి వయసుతో మందగిస్తుంది. జీవితమంతా కూడబెట్టిన మాటలూ, తెలివిడీ, లోకజ్ఞానమూ చాలాకాలం నిలుస్తాయి. ఆచార్య చిలుకూరి శాంతమ్మగారు 1929లో పుట్టారు. తొంభై దాటిన తరువాత కూడా చేతికర్రల ఆసరాతో విశాఖపట్నం నుంచి విజయనగరం వెళ్ళి భౌతికశాస్త్రం బోధించారు. అందరూ అలా వుండాలని కాదు. మనుమరాలి పేరే మరచిపోవడం, తెలిసిన దారి తప్పడం వంటివి కనుపిస్తే మాత్రం "ముసలితనంలే" అని ఊరుకోరాదు. అది వయసు కాదు, జబ్బు. వైద్యుడికి చూపించాలి.

ఇక చెప్పిందే చెప్పడం! ప్రతి ఇంట్లోనూ వున్న ఫిర్యాదు ఇది. మా అమ్మ రజాకార్ల కథ వారానికి రెండుసార్లయినా చెబుతుంది. నల్లగొండ జిల్లాలోని వాళ్ళ పల్లె మీద రజాకార్లు పడబోతున్నారని కబురు రావడం, రాత్రికి రాత్రి ఊరు ఊరంతా జొన్నచేలలోకి పోవడం, ఏడవకుండా ఆమె నోటిని తల్లి కొంగుతో మూయడం, తెల్లవారే దాకా చేలో పడుకోవడం. అంతటితో కథ సమాప్తం. మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు.

అమెరికాలో రాబర్ట్ బట్లర్ అనే వైద్యుడు 1963లో ఒక మాట అన్నాడు. ముసలివారు గతాన్ని తవ్వుకోవడం మతిచాంచల్యం కాదు, అది వారు చేయవలసిన పని. గడిచిన జీవితాన్ని మళ్ళీ ఒకసారి విప్పి, తేలని లెక్కలు తేల్చుకొంటున్నారు అని. అంతకు ముందే, 1950లో ఎరిక్ ఎరిక్‌సన్ అనే మనస్తత్వవేత్త మనిషి పెరుగుదలను ఎనిమిది దశలుగా విభజించాడు. చివరి దశలో తేలవలసిన ప్రశ్న, "నా బ్రతుకు ఇంతే, అయినా ఇది నాది" అని ఒప్పుకోగలగడమా, లేక "అయ్యో" అని కుమిలిపోవడమా అన్నది. ఆయన పోయిన తరువాత 1997లో ఆయన భార్య జోన్, తానే తొంభై దాటిన వయసులో, తొమ్మిదవ దశ కూడా వున్నదని చేర్చింది. ఎనభైలలో, తొంభైలలో వొళ్ళు స్వాధీనం తప్పినప్పుడు తేలిపోయాయనుకొన్న పాత ప్రశ్నలన్నీ మళ్ళీ తలుపు తడతాయని ఆమె చెప్పిన సంగతి. ఆ మెట్టు ఎక్కినవారు గాని చెప్పలేని మాట.

ఇదంతా నేను చదివినది మా నాన్న పోయిన తరువాత. ముందే చదివి వుంటే బాగుండేది.

మా నాన్న సనత్‌నగర్‌లో ఒక కార్ఖానాలో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. మాటలు తక్కువ మనిషి. డెబ్బై ఎనిమిదవ ఏట ఊపిరితిత్తులు పాడైపోయి, ఆయాసంతో పడిపోతే నగరంలో ఒక పెద్ద ఆసుపత్రిలో చేర్చాము. "ఏమి చేయమంటారు?" అని డాక్టర్లు అడిగారు. "అన్నీ చేయండి" అన్నాము అన్నదమ్ములం. కొడుకులు మరేమంటారు? మరో మాట అంటే నలుగురూ ఏమనుకొంటారు? పదకొండు రోజులు అద్దాల గదిలో వున్నాడు. గొంతులో గొట్టం. దానిని లాగివేయకుండా చేతులు మంచానికి కట్టారు. సాయంత్రం పది నిమిషాలు చూడనిచ్చేవారు. కట్టిన చేతి చూపుడువేలుతో దుప్పటి మీద ఏదో గీసేవాడు. మంచినీళ్ళని నేననుకొన్నాను. నొప్పని మా తమ్ముడనుకొన్నాడు. అమ్మ ఒక్కసారి చూచి, "ఇంటికి పోదామంటుండు" అన్నది. మేము వినలేదు. పన్నెండవ రోజున ఇంటికి తెచ్చాము.

డాక్టర్లది తప్పని నేననను. వారు మమ్మల్ని అడిగారు. నాన్నను అడగవలసినది మేము. అదీ ఆయన నోట మాట వున్న రోజుల్లో. "శుభం పలకరా" అంటే చావు మాట ఎత్తినట్లవుతుందని ఏళ్ళ తరబడి నోరు కట్టుకొన్నాము.

నయం చేయలేని చోట కూడా వైద్యం చేయవలసినది చాలా వున్నదని ఆనాడు మాకు తెలియదు. ఇంగ్లండులో సిసిలీ సాండర్స్ 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ అనే ఆశ్రయం ప్రారంభించింది. నొప్పి తగ్గించడం, ఆయాసం తగ్గించడం, భయం పోగొట్టడం, అయినవారిని దగ్గర కూర్చోనివ్వడం అక్కడి వైద్యం. దీనినే ఉపశమన చికిత్స అంటున్నారు. మన దేశంలో 1985 నాటి మత్తుమందుల చట్టం వల్ల తీవ్రమైన నొప్పికి అవసరమైన మార్ఫిన్ కూడా రోగులకు దొరకడం దుర్లభమైపోయింది. 2014లో సవరణ చేసి ఆ చిక్కును సడలించారు. మన నగరంలో రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ కాన్సరు ఆసుపత్రిలో ఈ చికిత్స వున్నది. 2011లో రోటరీ వారి పూనికతో మొదలైన స్పర్శ్ ఆశ్రయం ఇప్పుడు ఖాజాగూడలో, ఆ ఐటీ మేడల చేరువలోనే వున్నది. అక్కడ రోగుల దగ్గర డబ్బు తీసుకోరు.

చట్టం కూడా కొంత దారి చూపింది. కోలుకొనే ఆశ లేని స్థితిలో, మాట్లాడే శక్తి పోయినప్పుడు తనకు ఏ చికిత్స వద్దో మనిషి ముందే వ్రాసి పెట్టుకోవచ్చునని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న తీర్పు చెప్పింది. 2023 జనవరిలో ఆ పద్ధతిని తేలిక చేసింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ చేతగాని గెజిటెడ్ అధికారి చేతగాని ధ్రువపరిపించుకొంటే చాలును. మనసు మారితే కాగితమూ మార్చుకోవచ్చు. ఇది ప్రాణం తీయడం కాదు. పోయే ప్రాణాన్ని యంత్రాలతో పట్టి వుంచవద్దని చెప్పుకోవడం. ఆ కాగితం అమలు చేసే ముందు కూడా వైద్యుల బృందాలు పరిశీలించి ఒప్పుకోవాలి. మన కాళోజీ నారాయణరావుగారు 2002లో పోయినప్పుడు ఆయన దేహాన్ని కాకతీయ వైద్య కళాశాలకు అప్పగించారు. తన తరువాతి సంగతి కూడా ఆలోచించుకొన్న మనిషి ఆయన.

ఇవన్నీ తెలిసీ అమ్మను అడగడానికి నాకు నోరు రాలేదు. చివరకు ఆ దారి రజాకార్ల కథే చూపింది.

కళ్ళజోడు కొన్న వారంలోనే, ఒక సాయంత్రం అమ్మ ఆ కథ మొదలుపెట్టింది. ఎప్పటివలె పేపరు చాటున తల వూపకుండా, ఎదురుగా కూర్చున్నాను. "చేన్ల పండుకున్నం" అనేసరికి, "మరి మీ నానమ్మ ఎక్కడున్నదమ్మా ఆ రాత్రి?" అన్నాను. ఎందుకడిగానో నాకే తెలియదు.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పింది, నేనెన్నడూ వినని సగం కథ. ముసలామె నడవలేదని, ఇంట్లోనే ఒక ముంత నీళ్ళూ, రెండు జొన్నరొట్టెలూ పెట్టి, బయట గొళ్ళెం వేసి పోయారట. రెండో నాటికి తిరిగి వచ్చేసరికి ముసలామె క్షేమంగానే వున్నది. కాని బ్రతికినన్నాళ్ళూ కొడుకుతో సరిగా మాట్లాడలేదు. "'వస్తవా, ఉంటవా అని నన్నొక్క మాట అడిగినవా కొడకా' అని ఏడ్సేదట. మా అమ్మ చెప్పేది" అన్నది.

ఇక నాకు జంకు పోయింది. "అమ్మా, నిన్నడుగుతున్నాను. నీకేమి కావాలి?" అన్నాను, నిదానంగా, ముఖం కనుపించేటట్లు.

"ఇన్నేండ్లకు అడిగినవ్" అన్నది. అడుగుతారని ఎదురుచూచినట్లే వుంది, గబగబా చెప్పింది. "మీ నాయినలెక్క నన్ను కట్టెయ్యొద్దు. గొట్టాలొద్దు. నొప్పైతే మందియ్యుండ్రి. నేనోర్సుకోను. ఇంట్లనే ఉంచు. నా మంచం కిటికీ కాడ వెయ్యి. రైలు సప్పుడినబడాలె."

రైలు చప్పుడు! నా మాటలో సగం హల్లులు వినిపించని ఆ చెవులకు, పట్టాల మీద మంద్రంగా మ్రోగే ఆ ధ్వని ఇంకా అందుతున్నది. నాన్న ముప్పై ఏళ్ళు రాత్రి షిఫ్టు దిగి ఇంటికి వచ్చేది ఆ పట్టాల వెంబడే.

ఆమె చెప్పినవన్నీ ఆమె మాటల్లోనే వ్రాశాను. ఇద్దరు సాక్షుల ఎదుట వేలిముద్ర వేసింది. నోటరీ ముద్ర పడింది. మా తమ్ముడు ఆ కాగితం చూచి కళ్ళనీళ్ళు పెట్టుకొన్నాడు గాని కాదనలేదు. అమ్మ మాత్రం ఆనాటి రాత్రి హాయిగా నిద్రపోయింది. రజాకార్ల కథ ఇప్పటికీ చెబుతుంది. కాకపోతే ఇప్పుడు నానమ్మ దగ్గరనుంచి మొదలుపెడుతున్నది.

మీ ఇంట్లోనూ వెయ్యి పున్నములు చూచినవారో, చూడబోయేవారో వుంటారు. వారు చెప్పిందే చెబుతున్నారని విసుక్కొనే ముందు ఒక్క ప్రశ్న వేసి చూడండి.

వేలికి అంటిన సిరా తుడుచుకొంటూ అమ్మ నన్నడిగింది, "మరి నీది ఎప్పుడు రాస్తవు బిడ్డా?" అని. నేను నవ్వి ఊరుకొన్నాను. రాత్రి అందరూ పడుకొన్న తరువాత కొత్త కళ్ళజోడు పెట్టుకొని, తెల్లకాగితం ముందు వేసుకొని కూర్చున్నాను. పేరు వ్రాశాను. ఆ తరువాతి వాక్యం ఇంకా వ్రాయవలసి వున్నది.