పెట్టెలో దాగిన గోల్ఫు ఆట

పోయిన వేసవి సెలవులకు మా మనుమడు బరంపురం వచ్చినప్పుడు, సంచిలోంచి బట్టలకంటె ముందుగా ఒక నల్లని పలకవంటి యంత్రాన్ని బయటకు తీశాడు. దాని పేరు నింటెండో స్విచ్. ఇరుప్రక్కల వున్న పిడులను వూడదీసి, చేతికొకటి పట్టుకొని బొమ్మలాటలు ఆడుకోవచ్చు. నేను ప్రక్కన కూర్చుని కళ్ళజోడు సవరించుకొంటూ వుంటే వాడన్నాడు: "తాతయ్యా, మొట్టమొదట అమ్మిన యంత్రాల్లో చనిపోయిన ఒక పెద్దాయన జ్ఞాపకం దాచిపెట్టారు, తెలుసా?"

నేను నవ్వి వూరుకున్నాను. పిల్లలు చెప్పుకొనే దయ్యాల కథల్లో ఇదీ ఒకటి కాబోలు ననుకొన్నాను. తరువాత విచారిస్తే, వాడు చెప్పింది నిజమేనని తేలింది. ఆ సంగతే మన పాఠకులకు మనవి చేస్తున్నాను.

కంప్యూటరు ఆటలలో పైకి కనిపించేది కొంత, లోపల వుండి కనిపించనిది కొంత. తయారుచేసేటప్పుడు గీసిన బొమ్మలు, కట్టిన మెట్లు, పలికించిన మాటలు అన్నీ చివరి ఆటలో చేరవు. చేరనివాటిని పూర్తిగా తుడిచివేస్తే మరొకచోట ఏదైనా చెడుతుందేమోనన్న భయం. సరుకు బజారుకు వెళ్ళవలసిన తొందర ఒకటి. అందుచేత అవి దారి మూసివేసిన గదుల్లాగ లోపలే వుండిపోతాయి. దర్జీ లోపలికి మడిచి కుట్టిన గుడ్డ వంటివి అవి. చొక్కా తొడుక్కున్నవాడికి కనిపించవు. విప్పి చూస్తేనే తెలుస్తాయి.

ఇవిగాక, కావాలని దాచినవి కొన్ని వుంటాయి. అమెరికాలో అటారీ అనే సంస్థ తన ఆటల మీద వాటిని తయారుచేసినవారి పేర్లు వేసేది కాదు. అక్కడ పనిచేసే వారెన్ రాబినెట్ అనే యువకుడు "అడ్వెంచర్" అనే ఆటలో ఒక రహస్యపు గది కట్టి, అందులో ఈ ఆట చేసింది తానేనని వ్రాసి పెట్టాడు. కంటికి కనిపించీ కనిపించని ఒక చుక్కను వెదికి మోసుకువెళితేనే ఆ గదిలోకి దారి. ఆట అమ్మకానికి వచ్చిన తరువాత ఒక కుర్రవాడు కనిపెట్టి సంస్థకు వుత్తరం వ్రాశాడు. అప్పటికి రాబినెట్ వుద్యోగం వదిలి వెళ్ళిపోయాడు కూడాను.

అది తన పేరు తాను దాచుకొన్న మనిషి కథ. స్విచ్ యంత్రంలోనిది ఇంకొకరి కోసం దాచిన కథ. దాన్ని తెలుసుకోవాలంటే జపాను వెళ్ళాలి.

నింటెండో అన్నది క్యోటో నగరంలో 1889లో పేకముక్కలు చేసి అమ్మడంతో మొదలైన వ్యాపారం. 1983 జూలైలో ఆ సంస్థవారు టెలివిజనుకు తగిలించుకొని ఆడే యంత్రమొకటి విడుదల చేశారు. దానికి వారు పెట్టిన పేరు "ఫ్యామిలీ కంప్యూటర్", అనగా కుటుంబమంతా కూర్చుని ఆడుకొనేది. ఆ మరుసటి యేడు, 1984లో, దానికి "గోల్ఫ్" అనే ఆట వచ్చింది. తెర మీద మీసాల పొట్టి మనిషి ఒకడు కర్ర పట్టుకొని నిలబడతాడు. గాలి ఎటు వీస్తున్నదో చూసుకొని, తగిన కర్రను ఎంచుకొని, బటను మూడుసార్లు నొక్కాలి. మొదటి నొక్కుకు కర్ర లేస్తుంది. రెండవదానితో దెబ్బ బలం, మూడవదానితో గురి తేలుతాయి. కర్రాబిళ్ళ ఆడిన చేయి ఎవరికైనా ఇందులోని కిటుకు వెంటనే పట్టుబడుతుంది. తరువాత వచ్చిన ఎన్నో గోల్ఫు ఆటలు ఈ మూడు నొక్కుల పద్ధతినే పట్టుకొన్నాయి.

ఈ ఆటకు ప్రోగ్రాము వ్రాసినవాడు సతోరు ఇవాటా. అప్పటికి ఆయన వయస్సు పాతిక నిండలేదు.

ఇవాటాగారు 1959 డిసెంబరు 6న జపాను వుత్తర దీవియైన హొక్కైడోలో, సప్పొరో నగరంలో పుట్టారు. హైస్కూలులో చదువుకొనే రోజుల్లో చేతిలో ఇమిడే లెక్కల యంత్రం మీద ఒక బేస్‌బాల్ ఆట తయారుచేశారు. దానిలో బొమ్మలు లేవు, వట్టి అంకెలే. అయినా స్నేహితులు పోటీపడి ఆడి నవ్వుతుంటే, ఆ నవ్వు చూసి పొంగిపోయానని పెద్దవాడైన తరువాత కూడా చెప్పుకొనేవారు. టోకియోలో ఇంజనీరింగు చదువుతూనే హాల్ లాబొరేటరీ అనే చిన్న సంస్థలో పనికి కుదిరి, చదువు ముగిశాక అక్కడే స్థిరపడ్డారు.

గోల్ఫులో ఆడవలసిన గుంటలు పద్ధెనిమిది. ఒక్కొక్క గుంటకు ఒక్కొక్క మైదానం: చెట్లు, ఇసుక, నీరు, పచ్చిక, అన్నీ వేరువేరు. ఇవన్నీ ఆనాటి చిన్న కార్ట్రిడ్జిలో పట్టించడం కుదరదని ఇతరులు వెనుకాడితే, ఇవాటాగారు ఒప్పుకొని చేశారు. ఆ ఆట మొత్తం కొలత 24 కిలోబైట్లు. అది ఎంతో చెప్పాలంటే, మీరు చదువుతున్న ఈ వ్యాసాన్నే తెలుగు లిపిలో కంప్యూటరులో దాస్తే, ఆ చోటులో ఎక్కువ భాగం నిండిపోతుంది!

ఇంత పొదుపు ఎలా సాధ్యమని అడుగుతారా? మన ఆడవాళ్ళు ముగ్గును ఒకరికొకరు ఎలా చెప్పుకొంటారో తలచుకోండి. ప్రతి చుక్కనూ పెట్టి చూపరు. "పదిహేను చుక్కలు, సందుచుక్క, ఎనిమిది వచ్చేదాకా" అంటారు. అంతే, వాకిలి నిండే ముగ్గు నాలుగు మాటలలో ఇమిడిపోయింది. కంప్యూటరులో కూడ మైదానాన్ని గడిగడికీ వ్రాయనక్కరలేకుండా ఇటువంటి క్లుప్తమైన సూత్రాలతో దాచి, ఆడేటప్పుడు మళ్ళీ విప్పుకోవచ్చును. ఆ విద్యలో ఇవాటాగారు దిట్ట.

ఆయన గొప్ప అంతటితో ఆగలేదు. 1992లో హాల్ లాబొరేటరీ అప్పుల్లో మునిగింది. ఆదుకోవడానికి నింటెండో అధ్యక్షులు హిరోషి యమౌచీ ఒప్పుకొన్నారు గాని, ఇవాటాను అధ్యక్షునిగా చేయాలని షరతు పెట్టారు. 1993లో, ముప్పైమూడేళ్ళ వయస్సున, వ్యాపారం నడిపిన అనుభవం లేని ఈ ప్రోగ్రాములు వ్రాసే మనిషి నెత్తిన సుమారు 150 కోట్ల యెన్నుల బాకీ పడింది. ఆయన ముందుగా పనివాళ్ళను ఒక్కొక్కరినే పిలిచి కూర్చోబెట్టి, వారి బాగోగులు విన్నారు. ఆరేళ్ళలో ఆ బాకీ తీరిపోయింది.

2000లో నింటెండోలో చేరి, 2002లో దాని అధ్యక్షులయ్యారు. యమౌచీ వంశానికి చెందనివారు ఆ పీఠమెక్కడం అదే మొదలు. 2011లో వ్యాపారం దెబ్బతిన్నప్పుడు తన జీతాన్ని సగానికి సగం తగ్గించుకొన్నారు. 2014లో మరల అదే పని చేశారు. ఆ 2011లోనే, ఆడేవారితో నేరుగా మాట్లాడడానికి "నింటెండో డైరెక్ట్" అనే ప్రసారాలు మొదలుపెట్టారు. "నేరుగా మీకే" అన్నట్టుగా రెండు చేతులనూ గుండె దగ్గరనుంచి ముందుకు చాపే ఆయన సైగ ప్రపంచమంతటా పిల్లలకు తెలిసిపోయింది.

2015 జూలై 11న, ఏబదియైదవ యేట, వ్యాధిగ్రస్తులై ఇవాటాగారు కన్నుమూశారు. ఆయన వుండగా రూపుదిద్దుకొంటూ వచ్చిన స్విచ్ యంత్రం 2017 మార్చి 3న బజారులోకి వచ్చింది. దాన్ని ఆయన చూడలేదు.

అదే యేడు సెప్టెంబరులో, యంత్రపు లోపలి ప్రోగ్రాములను శోధించేవారికి వింత ఒకటి కనిపించింది. ఎవరూ కొనని, ఎవరూ ఎక్కించని ఆట ఒకటి ప్రతి యంత్రం లోపల వున్నది. దాని లోపలి పేరు "ఫ్లాగ్". ఇంగ్లీషులో గోల్ఫు అనే మాటను చివరనుంచి మొదటికి చదివితే వచ్చే మాట అది. తీరా చూస్తే, 1984లో ఇవాటాగారు వ్రాసిన ఆ గోల్ఫు ఆటే!

అది ఎప్పుడు పడితే అప్పుడు బయటకు రాదు. యంత్రంలోని గడియారం జూలై 11 చూపాలి. అంటే ఆయన పోయిన రోజు. ఆ రోజున రెండు పిడులనూ వూడదీసి చేతికొకటి పట్టుకొని, ఆయన చేసినట్టే రెండు చేతులూ ముందుకు చాపాలి. అప్పుడు తెర మీద ఆ మీసాల మనిషి కర్రతో ప్రత్యక్షమవుతాడు. ఒక్కసారి ఇంటర్నెట్టుతో కలిసిన యంత్రమైతే, చేతితో తేదీ మార్చి మోసగించాలన్నా మోసపోదు.

ఆ చివరి మాట విన్నప్పుడు నాకు మన ఇళ్ళలోని ఆబ్దికాలు గుర్తుకు వచ్చాయి. తిథిని మన తీరికను బట్టి జరుపుకోవడానికి వీలు లేదు గదా! ఆ రోజు రావాలి, చేయవలసిన చేతులు చేయాలి. ఆఫీసుకు ఒకపూట సెలవు పెట్టినవాడి ఇంట్లో ఏం జరిగిందో ప్రక్క బల్ల దగ్గరి వాడికి తెలియనే తెలియదు.

యంత్రం వచ్చిన అట్టపెట్టె మీద ఈ సంగతి ఒక్క ముక్క వ్రాయలేదు. శిలాఫలకం లేదు, దండ వేసిన పటం లేదు. జపానులో దేవాలయాల దగ్గర "ఒమామొరి" అనే చిన్న గుడ్డసంచులు ఇస్తారు. లోపల ప్రార్థన వుంటుంది. విప్పి చూడరాదు, వెంట వుంచుకోవాలి. మన రక్షరేకుల వంటివే. ఈ ఆటను కూడ యంత్రంలో వుంచిన ఒమామొరి అని కొందరు భావించారు. విప్పి చూసినందుకు నొచ్చుకొన్నవారూ వున్నారు.

కథ ఇక్కడితో ముగిస్తే బాగుండేది. ఆ యేడు ముగియకముందే, ఇంటర్నెట్టు ద్వారా యంత్రాలకు పంపే సవరణలలో ఒకదానితో ఈ ఆటను తీసివేశారు. చడీచప్పుడు లేకుండా వచ్చినది, చడీచప్పుడు లేకుండా వెళ్ళిపోయింది.

ఇది వినగానే మా మనుమణ్ణి అడిగాను: "ఒరే, తీసేశారంటే మరచిపోయినట్టే గదా?"

వాడు కాసేపు ఆలోచించి, "కాదు తాతయ్యా. సవరణ ఎక్కించుకోని పాత యంత్రాల్లో ఇంకా వుంది. లేనివాళ్ళకు కూడా జూలై 11 అంటే ఏమిటో తెలుసు. అదివరకు నాకు ఆయన పేరే తెలియదు" అన్నాడు.

నాకు తోచిన జవాబుకంటె వాడిదే మేలు. ఆడుకొనే పిల్లవాడు ఆట చేసినవాడి పేరు తెలుసుకోవడం చిన్న సంగతి కాదు. మనలో చాలమందిమి ఆ యంత్రాన్ని చూడగానే "చదువు చెడగొట్టే పెట్టె" అని విసుక్కొంటాము. వేళ మించి ఆడితే మందలించవలసిందే, సందేహం లేదు. కాని దాని లోపల ఒక మనిషి రాత్రులు మేలుకొని చేసిన పనితనం వున్నదనీ, ఇతరులు కుదరదన్న చోట పద్ధెనిమిది మైదానాలను పట్టించిన ఓర్పు వున్నదనీ తెలిస్తే, మందలించే మన గొంతు కూడా కాస్త మారుతుంది. పిల్లవాడూ వింటాడు.

దేశం విడిచి తరాలు గడిచిన మన కుటుంబాలకు ఈ దాపరికం కొత్త గాదు. తాతముత్తాతలు తెచ్చిన మాటలు, వంటలు, పూజలో ఎందుకు చేస్తామో తెలియని ఒకటి రెండు పనులు మన ఇళ్ళ లోపల వుండిపోయాయి. ఏదో ఒక సవరణలో అవి తీసివేయబడవచ్చును. అప్పటికి ఇంట్లో ఒక పిల్లవాడికైనా వాటి వెనుకనున్న మనిషి పేరు తెలిసివుంటే చాలు.

జూలై నెలలో ఒక సాయంత్రం మనుమడు ఫోను చేశాడు. "తాతయ్యా, ఇవాళ తేదీ చూశావా?" అన్నాడు. చూశానన్నాను. "నాది కొత్త యంత్రం, ఏమీ రాదని తెలుసు. అయినా చేతులు చాపాను" అన్నాడు.

"మంచి పని చేశావు నాయనా" అన్నాను. ఆ తరువాత వాడు నన్ను మా నాన్నగారి పేరు, ఆయన చేసిన పని, పోయిన తిథి అడిగి, కాగితం మీద వ్రాసుకొన్నాడు.