సగం మనసుతో సేంద్రియ వ్యాపారం నడవదు



మాది తొగుట మండలం వేములఘాట్, మల్లన్నసాగర్ కింద మునిగిన ఊరు. భూమి పోయినంక, చేతిలో ఉన్న పరిహారం పైసలతో ఏం చేయాలన్నది మా దగ్గర చాలా ఇండ్లల్ల ఉన్న ప్రశ్నే. "అన్నా, రెండెకరాలు కొని ప్రకృతి వ్యవసాయం చేసి బియ్యం అమ్ముతా, నడుస్తదా?" అని అడుగుతుంటరు. నడుస్తది. కానీ సగం మనసుతో నడవదు. దీనికి జనగామ జిల్లా ఏనబావిని చూడండి.

లింగాల ఘనపురం మండలంలో చిన్న పల్లె అది. సుమారు 50 కుటుంబాలు, 280 ఎకరాల భూమి. 2006 నాటికి ఊరు ఊరంతా రసాయన ఎరువులు, పురుగుమందులు బంద్ చేసింది.

అది ఒక్కరోజులో జరిగింది కాదు. మొదలైంది ఆముదం మీద ఎర్ర గొంగళి పురుగుతోటి. తొలకరి వానలకు రెక్కల పురుగులు భూమిలోంచి బయటికి వస్తయి. రాత్రిపూట మంటలు పెట్టి వాటిని చంపాలి. ఒక్కడి చేన్ల మంట పెడితే లాభం లేదు, పక్క చేను పురుగు మళ్లీ వస్తది. అందరూ కలిసి చేస్తేనే పని అయింది. ఆ నమ్మకంతోనే తర్వాత మందులు, ఆపైన ఎరువులు మానేసిన్రు.

మనం నేర్చుకోవాల్సింది ఇదే. పూర్తిగా దిగడం అంటే ఉన్న పైసలన్నీ ఒకేసారి పోసి, పైన అప్పు తెచ్చి దూకడం కాదు. ఒక్క ఎకరం పెట్టుకోండి. కానీ ఆ ఎకరంలో మాట తప్పొద్దు.

జీవామృతమే తీసుకోండి. ఎకరానికి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. 48 గంటలు పులియబెట్టి, వారంలోపు వాడాలి. కలిపే తీరు వీడియోలో చూడొచ్చు, కష్టమేం కాదు. పదిహేను రోజులకోసారి, పెండ్లి ఉన్నా పండుగ ఉన్నా, ఆపకుండా చేసుడే కష్టం.

ఇంకోటి, సేంద్రియ ధ్రువీకరణకు ఏడాది పంటలకైతే సాధారణంగా రెండేండ్ల మార్పిడి కాలం ఉంటది. ఆ రెండేండ్లు మంచి ధర మీద ఆశ పెట్టుకోవద్దు. ఇంటి ఖర్చుకు పైసలు ముందే పక్కన పెట్టుకోండి. లేకుంటే మధ్యలో మనసు మారుతది.

అసలు పరీక్ష దోమ పడ్డ నాడు వస్తది. ఎవ్వరూ చూడరు కదా అని ఒక్క పిచికారీ చేస్తే, లేదా మన బియ్యం అయిపోతే మార్కెట్ల కొని మన సంచిలో పోస్తే, వ్యాపారం అక్కడితో ఖతం. దిగుబడి తగ్గితే "ఈసారి ఇంతే ఉంది" అని కొనేవాళ్లకు చెప్పండి. తక్కువ ఇచ్చినా మళ్లీ వస్తరు. మోసపోతే మాత్రం రారు.

భూమి కొనేముందు ఒకసారి ఏనబావి పోయి, అక్కడి రైతులతో మాట్లాడి రండి.