స్టువర్ట్‌పురానికి వచ్చినవాళ్ళు

రేపల్లె నుంచి తెనాలి వచ్చి, అక్కడ చీరాల వైపు పాసింజరు ఎక్కారనుకోండి. బాపట్ల దాటాక ఒక స్టేషను పేరు కనబడగానే మెడలో గొలుసు తడిమి చూసుకునేవాళ్ళు ఉంటారు. స్టువర్ట్‌పురం! 1991లో చిరంజీవి సినిమా, 2023లో రవితేజ సినిమా... ఆ పేరు చెబితే మనకు దొంగతనాలే గుర్తొస్తాయి. నిజానికి ఆ ఊరు వెలిసిందే దొంగతనం మాన్పించాలని!

వెలయించింది రక్షణ సైన్యం వారు. అదేనండీ, సాల్వేషన్ ఆర్మీ. మన దేశంలో దాన్ని మొదలుపెట్టిన ఫ్రెడరిక్ బూత్ టక్కర్ బీహార్‌లోని ముంగేరులో పుట్టిన ఆంగ్లేయుడు. 1881లో ఐ.సి.ఎస్. ఉద్యోగం వదిలేశారు. కాషాయం కట్టి, చెప్పుల్లేకుండా తిరిగి, జనం పెట్టింది తిన్నారు. ఫకీర్ సింగ్ అని పేరు మార్చుకున్నారు. 1888లో ఆయన్ని చేసుకున్న ఎమ్మా, సైన్యం వ్యవస్థాపకుడు విలియం బూత్ కూతురు. ఆవిడ కూడా చీర కట్టి, రహీమన్ అయ్యారు. దొరసానులు మనవాళ్ళ చేత గొడుగు పట్టించుకునే రోజుల్లో ఇది మాటలా! పాపం, 1903లో అమెరికాలో రైలు ప్రమాదంలో చనిపోయారు. స్టువర్ట్‌పురాన్ని ఆవిడ చూడనేలేదు.

ఆ ఊరు 1913 ప్రాంతంలో ఎరుకల కుటుంబాల కోసం ఏర్పడింది. పశువుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా అమ్ముకునేవాళ్ళు వాళ్ళు. ఆడవాళ్ళు బుట్టలల్లేవారు, సోది చెప్పేవారు. రైళ్ళొచ్చాయి, ఉప్పు మీద సర్కారు పెత్తనమొచ్చింది, వాళ్ళ బేరం పోయింది. దానికి తోడు నేరస్థ జాతుల చట్టం! 1871లో ఉత్తరాదిన పుట్టి, 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఆ చట్టం ప్రకారం ఫలానా కులంలో పుడితే చాలు, అనుమానితులే.

సెటిల్‌మెంటులో పొలం ఉంది, బడి ఉంది, ప్రార్థన ఉంది. కొందరు క్రైస్తవులయ్యారు. చీరాల పొగాకు కంపెనీలో కూలి దొరికింది. కానీ రోజూ హాజరు వేయించుకోవాలి, చీటీ లేనిదే ఊరు దాటకూడదు. ఆరేళ్ళు దాటిన బిడ్డను తల్లి దగ్గర్నుంచి తీసుకెళ్ళి వేరే బడిలో పెట్టే అధికారం కూడా చట్టం సర్కారుకిచ్చింది. వాక్యం చెప్పే చేతే హాజరూ వేస్తుంటే, ఆ తల్లి ప్రార్థనలో ఏం కోరుకుని ఉంటుంది? చట్టం 1952లో రద్దయింది. ముద్ర మాత్రం పోలేదు.

1970లలో ఆ ఊరికి హేమలతా లవణం వచ్చారు. మహాకవి గుర్రం జాషువా కూతురు. వినుకొండ క్రైస్తవ కుటుంబంలో పుట్టి, అంటరానితనం దెబ్బలు తిని, ‘గబ్బిలం’ రాసిన జాషువాకు ‘క్రీస్తు చరిత్ర’ మీద 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. కూతురేమో 1960లో నాస్తికోద్యమ నేత గోరా కొడుకు లవణాన్ని పెళ్ళాడారు. ప్రయాణం ఎప్పుడూ మతంలోకే ఉండాలా ఏమిటి!

భార్యాభర్తలిద్దరూ నేరం చేసినవాళ్ళ ఇళ్ళకెళ్ళి, వాళ్ళతో, ఇంట్లో ఆడవాళ్ళతో మాట్లాడారు. దొంగతనం మానేస్తామన్నవాళ్ళకు బతుకుతెరువు చూపించే పని పెట్టుకున్నారు. హేమలత చేతిలో హాజరు పట్టీ లేదు, బైబిలూ లేదు. పుట్టుకను బట్టి మనిషిని వెలివేయడం ఎలా ఉంటుందో ఆమెకు తండ్రి ఇంట్లోనే తెలుసు. అందుకే ఆ గుమ్మాల్లో చొరవగా కూర్చోగలిగారేమో.

ఆ తర్వాత నిజామాబాద్ జిల్లా జోగినుల కోసం పనిచేశారు. 2008లో కన్నుమూశారు.