దారిలో దొరికిన టోపీ

అది 1923-24 చలికాలం. టిబెట్ కొండదారిలో కాలినడకన పోతున్న తల్లీకొడుకులకు ఒక బొచ్చు టోపీ దొరికింది. ఖామ్ ప్రాంతపు ఆడవాళ్లు పెట్టుకునే రకం. తల మీంచి జారిన టోపీ అంటే అక్కడ అపశకునం. పోగొట్టుకున్నవాళ్లే దాన్ని మళ్లీ ముట్టుకోరు. మనకొద్దన్నాడు కొడుకు. తల్లి వినలేదు. తీసి సంచిలో వేసుకుంది.

నిజానికి వాళ్లు తల్లీకొడుకులు కారు. అతను సిక్కిం నుంచి వెంట వచ్చిన కుర్ర లామా యోంగ్డెన్. (తర్వాత ఆమె అతణ్ని దత్తత తీసుకుంది.) ఆమె అలెగ్జాండ్రా డేవిడ్ నీల్. ఫ్రెంచి వనిత, ఒకప్పటి ఒపేరా గాయని, బౌద్ధ పండితురాలు. వయసు యాభై అయిదు. మొహానికి కోకో పొడీ బొగ్గుమసీ, జుట్టుకు చైనా సిరా, ఆపైన జడలబర్రె వెంట్రుకలతో అల్లిన సవరం. మాసిన బట్టల లోపల పిస్తోలు, దిక్సూచి.

1911లో ఏడాదిన్నరలో తిరిగొస్తానని భర్తకు చెప్పి ఓడెక్కిన మనిషి ఈమె. మళ్లీ ఫ్రాన్సులో అడుగుపెట్టింది 1925లో. అన్నేళ్లూ ఆయన డబ్బు పంపుతూ వచ్చాడు; ఈ కథలో ఆ పెద్దమనిషికీ ఒక దండం పెట్టాలి. పుదుచ్చేరిలో అరవిందులను కలిసింది, 1912లో కాలింపాంగ్‌లో పదమూడో దలైలామాను చూసింది, సిక్కిం కొండల్లో గుహవాసం చేసింది. 1916లో అనుమతి లేకుండా సరిహద్దు దాటి షిగాట్సే వెళ్లొచ్చింది. అందుకు బ్రిటిష్‌వాళ్లు ఆమెను సిక్కిం నుంచి వెళ్లగొట్టారు.

టిబెట్ రాజధాని లాసా ఆమె చిన్ననాటి కల అనుకుంటాం. ఆ ఊరి మీద తనకంత మోజు లేదని ఆమే రాసుకుంది. విదేశీయులు రావద్దన్నారు కాబట్టే వెళ్లి తీరాలనుకుంది. ఆ పంతమే ఆమెను జపాన్, కొరియా, చైనాల మీదుగా చుట్టు తిప్పి, 1923 అక్టోబరులో యునాన్ వైపు నుంచి టిబెట్‌లోకి నడిపించింది.

నాలుగు నెలల నడక. గుర్తుపట్టే కళ్లుంటాయని మొదట్లో రాత్రిళ్లే నడిచారు. మంచులో యోంగ్డెన్ కాలు బెణికింది. తిండి అయిపోయిన రోజున బూట్ల అడుగుకు దాచుకున్న తోలుముక్కలే ఉడకబెట్టుకున్నారు. పల్లెల్లో అడుక్కున్నారు కూడా. నటనలో పాత్ర ఎంత ఒంటికి పట్టిందంటే, ఆమె ఆ చేయి చాచడాన్ని ఆస్వాదించిందేమోనని నా అనుమానం.

1924 ఫిబ్రవరి. లాసా మైదానంలో అడుగుపెట్టగానే దుమ్ముతుఫాను లేచింది. ఎదుటి మనిషి కనపడనంత దుమ్ము. ఆ తెర చాటునే ఇద్దరూ ఊళ్లోకి నడిచిపోయారు, ఆపి అడిగినవాడు లేడు. దుమ్ము అణిగాక దలైలామాల కోట పొటాలా కనిపించింది. అన్నేళ్లు ఎదురుచూసిన క్షణం, కానీ నోరు తెరిచి సంతోషపడటానికి లేదు. ముష్టివాళ్లుండే సత్రంలో ఒక ఇరుకు గది దొరికింది. అక్కడి నుంచీ పొటాలా కనపడేది.

రెండు నెలలు ఉంది. టిబెటన్ల కొత్త సంవత్సరపు ఉత్సవాలు చూసింది. ఆ జనంలో ఒక పోలీసు లాఠీతో ఒక్కటిచ్చాడు. ఆమెకు కోపం రాలేదు, మురిసిపోయింది: తన వేషానికి అంతకుమించిన కితాబు ఏముంటుంది?

గండం పొటాలాలోనే ఎదురైంది. లోపల తల మీద టోపీ ఉండకూడదన్నారు. దారిలో ఏరుకున్న ఆ టోపీ చాటునే ఇన్నాళ్లూ జుట్టు దాగింది. సిరా వెలిసి జుట్టు అసలు రంగుకు తిరిగింది, సవరం మాత్రం కారునలుపు. తీయక తప్పలేదు. చూసినవాళ్లు నవ్వుకున్నారే తప్ప ఆ తల ఎక్కడిదో పోల్చుకోలేదు.

లాసా వదిలాక దాక్కోవలసిన పని లేకపోయింది. నేరుగా గ్యాంట్సేకు వెళ్లి, అక్కడి బ్రిటిష్ అధికారి ముందు నిలబడి, తాను ఎవరో, ఎక్కడి నుంచి వస్తోందో చెప్పింది. ఎనిమిదేళ్ల కిందట ఆమెను సిక్కిం నుంచి వెళ్లగొట్టింది ఆ ప్రభుత్వమే.