షాపు పేరు విరిగింది.. బగ్ ఏ కేటగిరీలో వేయాలో చిన్న షెల్ స్క్రిప్ట్ చెప్పింది!

మాకు కరీంనగర్‌లో చిన్న హార్డ్‌వేర్ షాపు ఉంది. మా బాపు కొత్త ఫోన్ తీసుకుని, పాత ఫోన్‌లోని బిల్లింగ్ యాప్ బ్యాకప్‌ను అందులోకి రీస్టోర్ చేశాడు. మర్నాడే హైదరాబాద్‌లో ఉన్న నాకు ఫోన్. "గిదేందిరా, బిల్లు మీద మన దుకాణం పేరే గిట్ల వస్తుంది? పట్నంల సాఫ్ట్‌వేర్ చేస్తవ్, గిదొక్కటి సక్కగ చెయ్యరాదా?"

స్క్రీన్‌షాట్ చూస్తే విషయం అర్థమైంది. 'హార్డ్‌వేర్' కాస్తా 'హార్డ్వేర్' అయిపోయింది. 'వ' కిందికి జారి ఒత్తుగా మారింది. ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చే పాత గిరాకీలు కూడా బిల్లు చూసి నవ్వుతున్నారట.

నేను వెంటనే ఆ యాప్ బగ్ ట్రాకర్ తెరిచి, 'ఫాంట్స్' కేటగిరీలో రిపోర్ట్ పడేశా. తెలుగు తేడాగా కనిపిస్తే ఫాంటే కదా అనుకున్నా! వారం తర్వాత 'మా ఫాంట్‌లో తప్పు లేదు' అని క్లోజ్ చేశారు. నిజం చెప్పాలంటే వాళ్ల తప్పు కాదు. నేను వేసిన డబ్బా తప్పు.

కేటగిరీకి అంత సీన్ ఉందా?

ఉంది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' బగ్ గుర్తుందా? ఆ అక్షరాలు ఒక ప్రత్యేక వరుసలో వస్తే ఐఫోన్‌లో మెసేజింగ్ యాప్‌లు క్రాష్ అయ్యేవి. చూసేవాళ్లకు అది వాట్సాప్ బగ్‌లా, మెసేజెస్ బగ్‌లా కనిపించింది. ఆపిల్ మాత్రం ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేసి, 'కోర్‌టెక్స్ట్' కింద నమోదు చేసింది. అంటే అన్ని యాప్‌లకూ అక్షరాలు గీసిపెట్టే భాగం అన్నమాట. బగ్ కనిపించే చోటు ఒకటి, పుట్టే చోటు ఇంకొకటి!

పెద్ద ప్రాజెక్టులు ఈ పనికి స్క్రిప్టులే పెట్టుకున్నాయి. లినక్స్ కెర్నల్‌లో 'గెట్ మెయింటైనర్' స్క్రిప్ట్‌కు ఫైల్ పేరు ఇస్తే, దాన్ని చూసుకునేది ఎవరో చెబుతుంది. ఫైర్‌ఫాక్స్ కోడ్‌లో 'మ్యాక్' టూల్‌ను అడిగితే, ఆ ఫైల్ బగ్‌జిల్లాలో ఏ కాంపొనెంట్ కిందికి వస్తుందో చూపిస్తుంది. కానీ మన చేతిలో సోర్స్ కోడ్ లేదు, ఫోన్ మాత్రమే ఉంది. అందుకే ఫోన్‌నే అడిగే స్క్రిప్ట్ రాసుకున్నా.

స్క్రిప్ట్ చేసే పని

మొదటి సగం: తప్పు కనిపించే స్క్రీన్ తెరిచి ఉంచి, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, ఏడీబీ షెల్‌లో 'డంప్‌సిస్ విండో' నడిపి, గ్రెప్‌తో ఫోకస్ లైన్ పట్టుకుంటుంది. దాంట్లో ప్యాకేజీ పేరు దొరుకుతుంది. తర్వాత 'డంప్‌సిస్ ప్యాకేజీ'తో వెర్షన్, ఎక్కడి నుంచి ఇన్‌స్టాల్ అయింది, సిస్టమ్ యాపా కాదా అనే వివరాలు తీస్తుంది. ఏపీకే ఉన్న ఫోల్డర్ చూసి మాత్రం తొందరపడి తేల్చకండి. ఫోన్‌తో వచ్చిన సిస్టమ్ యాప్ కూడా అప్‌డేట్ అయ్యాక డేటా ఫోల్డర్‌లోకి వచ్చేస్తుంది. ఈ సగంతో రిపోర్ట్ ఫోన్ కంపెనీకి పంపాలా, యాప్ టీంకి పంపాలా అనేది తేలుతుంది.

రెండో సగమే అసలు కథ. 'హార్డ్‌వేర్'లో పొల్లు 'డ్' తర్వాత కంటికి కనిపించని ఒక క్యారెక్టర్ ఉంటుంది. పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, యూనికోడ్ నంబర్ 200సీ. 'ఇక్కడ ఒత్తు కలపొద్దు' అని చెప్పడమే దాని పని. యూటీఎఫ్-8 ఫైల్‌లో ఇది 3 బైట్లు: ఈ2, 80, 8సీ. స్క్రిప్ట్ ప్రతి ఫైల్‌లో ఈ 3 బైట్ల వరుసను వెతికి, ఎన్నిసార్లు ఉందో లెక్కపెడుతుంది.

షాపు పేరు ఉన్న 4 ఫైల్స్ ఇచ్చా:

1. అదే కీబోర్డుతో మామూలు టెక్స్ట్ ఫైల్‌లో టైప్ చేసిన పేరు: 1
2. పాత ఫోన్ బ్యాకప్: 1
3. కొత్త ఫోన్‌లో పేరు మళ్లీ టైప్ చేసి ఎక్స్‌పోర్ట్ చేసింది: 1
4. బ్యాకప్ రీస్టోర్ చేసి, వెంటనే ఎక్స్‌పోర్ట్ చేసింది: 0

దొంగ దొరికాడు! కీబోర్డ్ సరిగ్గానే ఇస్తోంది, ఎక్స్‌పోర్ట్ సరిగ్గానే రాస్తోంది. రీస్టోర్ చేసేటప్పుడే యాప్ ఆ క్యారెక్టర్‌ను చెత్త అనుకుని ఊడ్చేస్తోంది. కొత్తగా టైప్ చేసిన పేరు అదే స్క్రీన్‌పై చక్కగా కనిపించింది కాబట్టి ఫాంట్‌కు సంబంధమే లేదు. ఈ ఒక్క టెస్ట్ మొదటి రోజే చేసుంటే నాకు వారం మిగిలేది.

ఈసారి 'ఇంపోర్ట్, రీస్టోర్' కేటగిరీలో రిపోర్ట్ వేశా. ఆ 4 లెక్కలు, ఒక్క షాపు పేరు మాత్రమే ఉన్న చిన్న బ్యాకప్ ఫైల్ జత చేశా. గిరాకీల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న అసలు బ్యాకప్ ఎప్పుడూ పెట్టకండి. ఆండ్రాయిడ్ పూర్తి బగ్ రిపోర్ట్‌లోనూ మన సొంత సమాచారం చాలా ఉంటుంది, పబ్లిక్ ట్రాకర్‌లో అది అస్సలు వద్దు. పని అయ్యాక యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆఫ్ చేయండి.

ఈసారి రిపోర్ట్ క్లోజ్ కాలేదు. ఆ భాగం చూసే డెవలపర్ అదే ఫైల్‌తో తప్పును తన దగ్గర రప్పించుకున్నాడు. తర్వాతి అప్‌డేట్‌లో సరిచేశారు.

స్క్రిప్ట్ అన్నీ చెప్పదు. బైట్లు అన్ని చోట్లా సరిగ్గా ఉండి కూడా అక్షరం తేడాగా కనిపిస్తే, అప్పుడు నిజంగానే ఫాంట్‌ను, అక్షరాలు పేర్చే ఇంజిన్‌ను అనుమానించాలి.

అప్‌డేట్ రాకముందు బాపు ఒక మాటన్నాడు: "పేరు ఇంగ్లీష్ల పెట్టు బిడ్డా, లొల్లే ఉండది." నాకు బగ్ కంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. ఇప్పుడు బిల్లు మీద పేరు మళ్లీ తెలుగులోనే వస్తోంది, 'వ' దాని చోట అది నిలబడి ఉంది.