పండగ వంటకాన్ని పాఠంగా చెబుదాం

"టీచర్, అరిసెలు షాపులో ఎప్పుడూ దొరుకుతాయి కదా, మరి సంక్రాంతికే ఎందుకు చేస్తారు?" దోహాలో పెరుగుతున్న పిల్లలు ఇలా అడిగితే "అది మన ఆచారం" అని ఆపేయకండి. ఆ ఒక్క ప్రశ్నలోనే గంట పాఠం ఉంది.

రుతువుతో మొదలుపెట్టండి

మన పండగ వంటల్లో చాలావాటికి కారణం ఆ కాలంలోనే ఉంటుంది. సంక్రాంతినాటికి కొత్త బియ్యం, కొత్త బెల్లం ఇంటికొస్తాయి. అందుకే అరిసెలు, తెలంగాణలో అయితే సకినాలు. శ్రీరామనవమికి ఎండలు మొదలవుతాయి కాబట్టి చలవ చేసే పానకం, వడపప్పు.

ఇక్కడి పిల్లలకు వరిచేను కనబడదు. "కొత్త పంట" అన్న మాటని వాళ్ళు చూసినదానితో చెప్పండి. ఎండాకాలంలో సూక్ వాకిఫ్‌లో ఖర్జూరాల పండగ జరుగుతుంది. ఖతార్ తోటల్లో కాసిన తాజా ఖర్జూరాలు అప్పుడే వస్తాయి. "ఇక్కడ ఖర్జూరం ఎలాగో, మనకి బియ్యం అలాగ" అంటే పిల్లలకి వెంటనే అర్థమవుతుంది.

ఇక్కడి పండగతో కలపండి

రంజాన్ నెల సగానికి వచ్చిన రాత్రి గరంగావో. పిల్లలు సంచులు పట్టుకుని, పాడుకుంటూ ఇంటింటికీ వెళ్తే గింజలు, మిఠాయిలు పెడతారు. మన ఊళ్ళలోనూ ఒకప్పుడు దసరాకి బడిపిల్లలు పంతులుగారి వెంట పద్యాలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగేవారు. వాళ్ళకి పప్పుబెల్లాలు పెట్టేవారు. ఈ రెండూ పక్కపక్కన చెబితే పిల్లలే పోలికలు చెబుతారు.

క్రియలు నేర్పండి

అరిసెలు ఒక్కరితో అయ్యే పని కాదు. బియ్యం నానబెట్టాలి, తడిపిండి దంచాలి, జల్లించాలి, పాకం పట్టాలి, చలిమిడి కలపాలి, వత్తాలి, వేయించాలి, నూనె నొక్కేయాలి. అందుకే ఇరుగుపొరుగు సాయానికి వచ్చేవారు. మనం డబ్బా కొనితెచ్చి పంచితే పిల్లలకి రుచి తెలుస్తుంది కానీ, ఇన్ని మాటల్లో ఒక్కటీ నోటికి రాదు. ఇలా పోయిన మాటలు మళ్ళీ పుస్తకంలోంచి నేర్పడం కష్టం.

క్లాసులో పొయ్యి లేకపోయినా పానకం చేయొచ్చు. బెల్లం తరగడం, మిరియాలు, యాలకులు దంచడం, నీళ్ళలో కలపడం, వడకట్టడం పిల్లలతోనే చేయించండి. చేస్తున్న పనిని వాళ్ళనే తెలుగులో చెప్పనివ్వండి.

కొన్ని జాగ్రత్తలు

• జీడిపప్పు, వేరుశెనగ, నువ్వులు, పాలు పడని పిల్లలెవరో ముందే అడిగి రాసుకోండి.
• రంజాన్‌లో పగటిపూట క్లాసులో తినిపించకండి. పొట్లం కట్టి ఇంటికి పంపండి.
• తెలుగు పిల్లలందరి ఇళ్ళలో ఒకే పండగ ఉండదు. 2025 మార్చి 30న ఇక్కడ ఉగాది, ఈద్ ఒకేరోజు వచ్చాయి. ఒక ఇంట్లో ఉగాది పచ్చడి అయితే ఇంకో ఇంట్లో షీర్ ఖుర్మా. క్రిస్మస్‌కి అరిసెలు వండే ఇళ్ళూ ఉన్నాయి. ఎవరింటి వంట గురించి వాళ్ళని చెప్పనివ్వండి.

తల్లిదండ్రులకు

పండగకి వారం ముందు అమ్మమ్మకో నానమ్మకో వీడియో కాల్ చేయించండి. "మీరు ఏం చేసేవారు? ఎవరెవరు కలిసి చేసేవారు? ముందు ఎవరికి పెట్టేవారు?" ఈ మూడు ప్రశ్నలూ పిల్లలే అడగాలి. మీరు మధ్యలో అందించకండి, తడబడినా ఫరవాలేదు. విన్నది నాలుగు వాక్యాల్లో రాసి క్లాసుకి తెస్తే చాలు.